చమురు పీల్చే దూది మా గోదాములోనే ఎందుకు ఉండిపోయింది

మీరు ముగ్గురు కలిసి బీటెక్ ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా ఆయిల్ పీల్చే స్పాంజ్ తయారు చేశారు. పోర్టులకు, రిఫైనరీలకు మెయిల్స్ పెడితే ఒక్కరూ జవాబివ్వలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరదతో చెన్నై దగ్గర ఎన్నూరు క్రీక్‌లోకి చమురు చేరినప్పుడు జాలర్లు మగ్గులతో తోడుతున్న ఫొటోలు చూసి మీకు కడుపు మండింది. "ఇన్ని టెక్నాలజీలు ఉన్నా వాడరేంటి? ఎవరైనా కావాలనే తొక్కిపెడుతున్నారా?" అని అడిగారు.

నాకూ అలాగే మండింది, ఇప్పటికీ మండుతుంది. కానీ తొక్కిపెట్టేవాళ్లను నేను ఎక్కడా చూడలేదు. కొత్త వస్తువును ప్రశాంతంగా ఉన్న రోజుల్లో పరీక్షించి, పనికొస్తుందో లేదో తేల్చి చెప్పడం ఎవరి పనీ కాదు. మా దూది అక్కడే ఆగిపోయింది. అదెలా జరిగిందో చెప్తాను.

నేను చర్లపల్లిలో ఒక ఫ్యాక్టరీ ఈటీపీలో, అంటే వ్యర్థజలాలు శుద్ధి చేసే ప్లాంటులో, పదిహేనేళ్లకు పైగా పనిచేశాను. 2014 వానాకాలంలో ఒక రాత్రి హైడ్రాలిక్ లైన్ పగిలి ఆయిలంతా వాన నీటి కాలువలోకి వెళ్లడం మొదలైంది. గేటు దాటితే నాలాలో పడుతుంది. స్టోర్‌లో ఉన్న పాలీప్రొపిలీన్ ప్యాడ్లు, అంటే ఆయిల్ పీల్చే ప్లాస్టిక్ పోగుల మెత్తలు, గంటలో అయిపోయాయి. రంపపు పొట్టు చల్లాం, అది నీళ్లు తాగి మునిగిపోయింది. అప్పుడు మౌలాలిలో పరుపుల దుకాణం ఉన్న మా చిన్నాయన గుర్తొచ్చాడు. ఫోన్ చేసి పాత దూది ఏదైనా ఉందా అని అడిగాను. "బిడ్డా, పత్తి దూది అయితే తడుస్తది. బూరుగు దూది తెస్త. అది నీళ్లు తాగదు, చెరువుల ఏసినా తేల్తది" అన్నాడు.

రెండు గోనె సంచులు ఆటోలో వేసుకుని వచ్చాడు. పాత దోమతెరలు కత్తిరించి, అందులో దూది కూరి, రెండు చివర్లూ కట్టేసి కాలువకు అడ్డంగా వేశాం. తెల్లారేసరికి తెరలు నల్లగా బరువెక్కి ఉన్నాయి, వాటికి అవతల నీటి మీద రంగుల పొర దాదాపు లేదు. చిన్నాయన వాటిని చేత్తో పిండి డ్రమ్ములో పోసి, మళ్లీ కాలువలో వేశాడు. మూడోసారి కూడా పీల్చాయి.

ఆ తర్వాత చదివితే కారణం తెలిసింది. బూరుగు పోగు లోపల బోలుగా, సన్నటి గొట్టంలా ఉంటుంది. పైన సహజంగానే మైనం పూత ఉంటుంది. అందుకే నీటిని దగ్గరికి రానివ్వదు, నూనెను మాత్రం లోపలికి లాక్కుంటుంది. తేలుతుంది కాబట్టి పాతకాలపు లైఫ్ జాకెట్లలో దీన్నే కూరేవారు. పత్తికీ పచ్చిగా ఉన్నప్పుడు కొంత మైనం ఉంటుంది. మెడికల్ షాపులో దొరికే తెల్లటి దూదికి మాత్రం ఆ మైనమంతా తీసేస్తారు. అది నీళ్లలో వేయగానే మునుగుతుంది.

ఇంట్లో పాత ప్లాస్టిక్ టబ్‌లో నీళ్లు పోసి, పైన వాడేసిన ఇంజన్ ఆయిల్ పోసి, వంటింటి తూకంతో ఎన్నోసార్లు కొలిచాను. విడిగా వేసిన 10 గ్రాముల బూరుగు దూది దాదాపు 350 గ్రాముల ఆయిల్ పట్టుకుంది. అదే దూదిని తెరలో గట్టిగా కూరితే సగం కూడా పట్టలేదు. పోగుల మధ్య ఖాళీ ఉంటేనే ఆయిల్ నిలుస్తుంది. వరంగల్ వైపు జిన్నింగ్ మిల్లు నుంచి తెచ్చిన పచ్చి పత్తి కూడా నేను అనుకున్నదానికంటే బాగా పనిచేసింది. అమెరికాలో టెక్సాస్ టెక్ యూనివర్సిటీలో శేషాద్రి రామ్‌కుమార్ బృందం ఇదే పని పద్ధతిగా చేసింది. పూర్తిగా పండని నాసిరకం పత్తి గ్రాముకు 30 గ్రాముల ముడి చమురు పట్టుకుంటుందని చూపించారు. మన దగ్గర అలాంటి పత్తి తెస్తే మార్కెట్‌లో రైతుకు ధర కోస్తారు. ఆ పేపర్ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అక్కణ్నుంచి తిరగడం మొదలైంది. చిన్నాయన దుకాణం వెనక గదిలో ఏకుడు మిషన్ మీద దూది ఏకించి, కుట్టించి, యాభై రోల్స్ తయారు చేశాం. 2015లో తూర్పు తీరంలో ఒక పోర్టు ఇలాంటి సామగ్రి కోసం టెండర్ పిలిచింది. కాగితంలో "పాలీప్రొపిలీన్ ప్యాడ్" అని పదార్థం పేరే రాసి ఉంది. గ్రాముకు ఎంత పీల్చాలి, నీటి మీద ఎంతసేపు తేలాలి, ఎన్నిసార్లు పిండి వాడొచ్చు అని రాసి ఉంటే మేం పోటీ పడేవాళ్లం. పేరు రాసేశాక పోటీయే లేదు. దాంతోపాటు గత మూడేళ్లలో ఇదే సరుకు సరఫరా చేసిన అనుభవం చూపించాలన్నారు. ఆ తర్వాతి కాలంలో గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు ముందు అనుభవం, టర్నోవర్ విషయంలో సడలింపులు వచ్చాయి. మీకు అవి ఉపయోగపడతాయి. కానీ పదార్థం పేరు దగ్గర ఆగిపోతే ఆ సడలింపు ఏమీ చేయలేదు.

అక్కడ ఒక అధికారి మర్యాదగానే మాట్లాడాడు. "మేడమ్, హైదరాబాద్‌లో సముద్రం లేదు కదా, మీకెందుకు ఈ టెన్షన్?" అన్నాడు. ఆ రోజు నా నోట మాట రాలేదు. ఇప్పుడైతే చెప్తాను. వనస్థలిపురం దాటాక ఆటోనగర్‌లో వాన పడిన రోజు నిలబడి చూడండి. లారీ షెడ్ల ముందు నేల మీద ఏడాదంతా కారిన ఆయిల్ ఒక్క వానకు లేచి కాలువలోకి వెళ్తుంది. మన నగరంలో ఇలాంటి నాలాల నీళ్లు చివరికి చేరేది మూసీకే. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఓడ పగిలితేనే చమురు ఒలికినట్టు కాదు.

తర్వాత 2017 జనవరి 28. ఎన్నూరు దగ్గర కామరాజర్ పోర్టు బయట రెండు ఓడలు ఢీకొన్నాయి, ఫర్నెస్ ఆయిల్ అనే చిక్కటి నల్లటి ఇంధన చమురు ఒలికింది. వార్త చూడగానే అంతకుముందు తిరిగిన ఆఫీసులన్నింటికీ ఫోన్ చేశాను. అందరిదీ ఒకటే మాట: "ఇప్పుడు కొత్తవి ట్రై చేసే టైమ్ కాదమ్మా." నిజమే, ఇల్లు కాలుతున్నప్పుడు కొత్త బకెట్టుకు కన్నం ఉందో లేదో ఎవరు చూస్తారు? నాలుగు నెలలు ఆగి మళ్లీ ఫోన్ చేశాను. "ఇప్పుడు అవసరం లేదమ్మా, ఉన్నప్పుడు చెప్తాం" అన్నారు. మీ మెయిల్స్‌కు జవాబు ఎందుకు రాలేదని అడిగారు కదా, నాకు తెలిసిన జవాబు ఈ రెండు ఫోన్ కాల్స్.

కానీ ఈ కథలో నేను దాచకూడని సంగతి ఇంకోటి ఉంది. ఆ మొదటి ఫోన్లు చేసిన రోజుల్లోనే, ఆఫీసుల మీద కోపంతో ఆరు రోల్స్ కట్టుకుని రైలెక్కి చెన్నై వెళ్లాను. ఒడ్డుకు చేరేసరికి ఫిబ్రవరి 2. ఎర్నావూరు రాళ్ల మధ్య చూసింది నా టబ్‌లో చూసిన ఆయిల్ కాదు. గోధుమ రంగు తిరిగిన నల్లటి ముద్ద, తారు కలిపిన సంకటిలా ఉంది. రోల్స్ వేశాను. పైన పూతలా అంటుకుంది కానీ లోపలికి ఒక్క చుక్క వెళ్లలేదు. పక్కన వందల మంది వరసగా నిలబడి బకెట్లు చేతులు మారుస్తున్నారు. ఆ ముద్ద ముందు పెద్ద పెద్ద పీల్చే యంత్రాలకు కూడా పని కష్టమైంది. కాలేజీ అబ్బాయి ఒకడు తమిళంలో ఏదో అని నా చేతికి బకెట్ ఇచ్చాడు. రోల్స్ పక్కన పెట్టి రెండు రోజులు బకెట్లు అందించాను.

సముద్రం మీద పడిన చమురు పడినట్టే ఉండదు. తేలికైన భాగం మొదటి ఒకటి రెండు రోజుల్లోనే ఆవిరైపోతుంది. మిగిలినదాన్ని అలలు నీటితో కలిపి గిలక్కొడతాయి. కవ్వంతో మజ్జిగ చిలికినట్టు చిలికితే నీరు, చమురు కలిసి చిక్కటి ముద్దవుతుంది. ఈ పనిలో ఉన్నవాళ్లు దాన్ని "మూస్" అంటారు. అందులో ముప్పాతిక వంతు దాకా నీరే ఉండొచ్చు. అంటే ఒలికిన దానికి మూడు నాలుగు రెట్లు ఎత్తిపోయాలి. పీల్చే వస్తువులకు పని ఉండేది పలచగా ఉన్న తొలి గంటల్లోనే. నా దూది మంచిదే. కానీ అది ఐదు రోజుల తర్వాత హైదరాబాద్ నుంచి రైల్లో రావడం కాదు, మొదటి రోజు తెల్లారేసరికే ఆ ఒడ్డున ఉండాలి. ఒడ్డున ఉండాలంటే ఎవరో ముందే పరీక్షించి, కొని, దాచి ఉండాలి. తిరిగి తిరిగి మళ్లీ అదే చోటికి వస్తున్నాం.

మారిషస్‌లో 2020లో వకాషియో అనే ఓడ పగడపు దిబ్బ మీద ఇరుక్కుని దాదాపు వెయ్యి టన్నుల చమురు కారింది. ఎవరో వచ్చి చేస్తారని ఆగకుండా అక్కడి జనం చెరకు ఆకు గుడ్డల్లో కూరి, కుట్టి, తేలే కట్టలు చేశారు. కొందరు జుట్టు కత్తిరించి ఇచ్చారు. వెంట్రుకకు చమురు అంటుకుంటుందని 1989లోనే, ఎక్సాన్ వాల్దెజ్ అనే చమురు ఓడ ప్రమాదం వార్త చూసి, అలబామాలో ఒక మంగలి ఫిల్ మెక్‌క్రోరీ కనిపెట్టాడు. చెరకు ఆకు గొప్ప టెక్నాలజీ ఏమీ కాదు, కానీ ఒడ్డున ఉంది, చేతికి అందింది.

డబ్బు, యంత్రాలు అన్నీ ఉన్న చోట మాత్రం బాగా జరుగుతుందా? 2010లో మెక్సికో గల్ఫ్‌లో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు బావి తవ్వే వేదిక పేలింది. 11 మంది చనిపోయారు, 87 రోజులు చమురు కారింది. అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం స్కిమ్మర్లు, అంటే చమురు తెట్టు తీసే యంత్రాలు, నీటి మీద నుంచి ఎత్తినది మొత్తంలో 3 శాతమే. ఇంకో 5 శాతం తగలబెట్టారు. ఆ రోజుల్లో జనం నుంచి లక్షకు పైగా సూచనలు వచ్చాయి. బావి పొంగుతుండగా లక్ష ఉత్తరాలు చదివి, అందులో పనికొచ్చేది ఏరి, పరీక్షించడం ఎవరి తరం? ఆ లక్షలో మీ స్పాంజ్ లాంటివి ఎన్ని ఉండి ఉంటాయో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఆ మరుసటి ఏడాది జరిగినది మాత్రం నాకు ధైర్యం ఇస్తుంది. వెండీ ష్మిట్ అనే దాత పేరు మీద ఎక్స్ ప్రైజ్ సంస్థ పోటీ పెట్టింది. నిమిషానికి కనీసం 2,500 గ్యాలన్ల చమురు, 70 శాతం పైన సామర్థ్యంతో ఎత్తాలి. అప్పటిదాకా పరిశ్రమలో ఉన్న మంచి యంత్రాలు 1,100 గ్యాలన్ల దగ్గరే ఆగిపోయాయి. 2011లో ఎలాస్టెక్ అనే కంపెనీ నిమిషానికి 4,670 గ్యాలన్లు, అంటే దాదాపు 17,700 లీటర్లు ఎత్తి, పది లక్షల డాలర్లు గెలుచుకుంది. సామర్థ్యం 89.5 శాతం. ఎన్నో ఏళ్లుగా కదలని అంకె ఏడాదిలో నాలుగు రెట్లు దాటింది. డబ్బు ఒక్కటే కారణం అనుకోకండి. పోటీ జరిగింది న్యూజెర్సీలోని ఓమ్‌సెట్ అనే చోట. అక్కడ 203 మీటర్ల పొడవున్న ఉప్పునీటి తొట్టి ఉంది, అలలు పుట్టించే యంత్రం ఉంది, నిజమైన చమురు పోసి చూడనిస్తారు. నార్వే అయితే దాదాపు ఏటా అనుమతితో కొంత చమురును సముద్రంలోకే వదిలి పరికరాలు పరీక్షిస్తుంది. మేం పరీక్షించుకోవడానికి చోటు కోసం వెతికితే ఇంట్లో ఆ ప్లాస్టిక్ టబ్ తప్ప దొరకలేదు.

మీ ప్రశ్నలో చమురు తినే బ్యాక్టీరియా గురించి కూడా అడిగారు. ఆనంద మోహన్ చక్రవర్తి కథ తెలిసే ఉంటుంది. బెంగాల్‌లో పుట్టి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తూ, చమురులోని రకరకాల భాగాలను తినగలిగే సూడోమోనాస్ బ్యాక్టీరియాను తయారు చేశారు. దాని పేటెంట్ మీద కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1980లో 5-4 తీర్పుతో ఆయన పక్షాన తేలింది. ప్రాణమున్న జీవికి పేటెంట్ ఇవ్వొచ్చన్న ఆ తీర్పు మీదే తర్వాత బయోటెక్ పరిశ్రమ ఎదిగింది. ఆ బ్యాక్టీరియా మాత్రం చమురు తెట్టు మీద వాడుకలోకి రాలేదు. జన్యువులు మార్చిన జీవిని సముద్రంలో వదలడానికి ఎవరూ ఒప్పుకోరు, ఆ భయం నాకు అర్థమవుతుంది. మన దేశంలో టెరి అనే పరిశోధన సంస్థ తయారు చేసిన ఆయిల్‌జాపర్‌లో ఉన్నవి ప్రకృతిలో దొరికే బ్యాక్టీరియాలే. అది రిఫైనరీ బురద మీద, చమురు పడిన నేల మీద వాడుకలోకి వచ్చింది. అయితే అది నెలల పని. ఒడ్డుకు కొట్టుకొస్తున్న చమురును రేపటికల్లా ఆపేది కాదు. ఒక్కో వస్తువుకు దాని రోజు, దాని చోటు వేరు. అన్నింటికీ ఒకే మందు అని ఎవరైనా అంటే, అది మీ స్పాంజ్ అయినా, నా దూది అయినా, నమ్మకండి.

పాలీప్రొపిలీన్‌ను ఎందుకు కొంటారో కూడా చెప్పాలి. అది గోదాములో ఏళ్ల తరబడి పాడవదు. మా యాభై రోల్స్‌లో పద్దెనిమిది రెండో వానాకాలానికి బూజు పట్టాయి, నాలుగింటిలో ఎలుకలు పిల్లలు పెట్టాయి. ఎప్పుడో పదేళ్లకోసారి వచ్చే ప్రమాదం కోసం దాచే సరుకుకు ఇది చిన్న లోపం కాదు. ఆ అధికారులు ఈ మాట అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. అడగలేదు కాబట్టి ఆ లోపం నాకు రెండేళ్లు ఆలస్యంగా తెలిసింది. పరీక్షించకపోవడం వల్ల మంచి వస్తువు మూలన పడుతుంది, దానిలోని తప్పు కూడా దిద్దుకోకుండానే మిగిలిపోతుంది.

వాడేశాక ఏం చేయాలన్నది ఇంకో ముడి. ఆయిల్ పీల్చిన దూది ప్రమాదకర వ్యర్థం కిందికి వస్తుంది. 2016 నిబంధనల ప్రకారం దాన్ని చెత్తబుట్టలో పడేయకూడదు, ఖాళీ స్థలంలో కాల్చకూడదు. మన నగరంలో అయితే దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికో, సిమెంట్ బట్టీలకో కాగితాలతో సహా పంపాలి. మీ ప్రాజెక్టు రిపోర్టులో ఈ పేజీ లేకపోతే ఏ కంపెనీ ఎన్విరాన్‌మెంట్ మేనేజరూ మీ మెయిల్ రెండోసారి చదవరు. ఈటీపీలో ఆ కుర్చీకి దగ్గరగా కూర్చున్నదాన్ని కాబట్టి ఇది గట్టిగా చెప్పగలను.

ఇప్పుడు నేను పోర్టుల చుట్టూ తిరగడం లేదు. దూదిని వదల్లేదు. పచ్చి పత్తి, బూరుగు కలిపి, గాలి తగలని కవర్లో సీలు చేసి, జనరేటర్ గదులకు, ట్రాన్స్‌ఫార్మర్ రిపేర్ షెడ్లకు, ఆటోనగర్‌లో కొన్ని గ్యారేజీలకు ఇస్తున్నాం. అక్కడ ఆయిల్ రోజూ కారుతుంది, రోజూ పరీక్ష జరుగుతుంది. ఏ రోల్ ఎంత పీల్చిందో, ఎన్ని రోజులకు పాడైందో గ్యారేజీ కుర్రాళ్లు గోడ మీద సుద్దతో రాస్తారు. చిన్నాయన పోయి మూడేళ్లయింది. ఆయన ఏకుడు మిషన్ మీదే ఇప్పటికీ పని నడుస్తోంది.

మీకు నా సలహా ఇది. పోర్టులకు మెయిల్ పెట్టే ముందు తారనాక, ఉప్పల్, నాచారం, చర్లపల్లి వైపు ఈటీపీ ఉన్న యూనిట్లకు నేరుగా వెళ్లండి. నీటి నుంచి ఆయిల్‌ను వేరుచేసే వాళ్ల ఆయిల్ ట్రాప్‌లో నెల రోజులు ఉంచుకోనివ్వమని అడగండి. డబ్బు అడగకండి, కొలతలు రాసుకోనిస్తే చాలు. పీల్చే వస్తువులకు ఏఎస్‌టీఎం ఎఫ్726 అనే ప్రామాణిక పరీక్ష ఉంది. దాని ప్రకారం ల్యాబ్ రిపోర్ట్ ఒకటి తీసుకోండి. అది చేతిలో ఉంటే టెండర్ రాసేవాళ్లకు ముందుగానే లేఖ రాయొచ్చు: పదార్థం పేరు తీసేసి, ఎంత పీల్చాలో అంకె రాయండి అని. నేను ఈ ఏడాది రెండు చోట్లకు అలా రాశాను. ఒక చోట నుంచి పిలిచి గంటసేపు విన్నారు.

అన్నింటికంటే ముందు ఇంకో పని చేయండి. మీరు పరీక్షించింది పలచటి ఆయిల్‌తో అనుకుంటాను. ఫర్నెస్ ఆయిల్ రెండు లీటర్లు సంపాదించండి. ఉప్పునీళ్లు కలిపి మిక్సర్‌తో బాగా గిలక్కొట్టి, రెండు రోజులు ఎండలో పెట్టి, మూడో రోజు మీ స్పాంజ్‌ను అందులో వేయండి. గంట తర్వాత తీసి మధ్యకు కోసి, లోపల ఎంత లోతు నల్లబడిందో స్కేలుతో కొలవండి. అది ఎన్ని మిల్లీమీటర్లో ఇక్కడ రాయండి, నేను చూస్తాను.